వడ్డన లేని పీట

కోడిగుడ్డు కూడా గడప దాటని ఇంట్లో షార్కుటరీ బోర్డు పెట్టాలని నాకెందుకు బుద్ధి పుట్టిందో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి. ఆ రోజు వరకూ నాకూ సరదాగానే ఉండింది.

మాది ప్రొద్దుటూరు, బట్టల అంగడి. మా అమ్మాయికి జమ్మలమడుగు సంబంధం ఖాయమైంది. పిల్లవాని తరఫువాళ్ళకు అక్కడ బంగారు అంగడి ఉంది. ఒక ఆదివారం సాయంత్రం వచ్చి తాంబూలాలు మార్చుకుని పోతామన్నారు. భోజనాలు పెట్టుకోవద్దు, టిఫిను చాలన్నారు. మామూలుగా అయితే ఉగ్గాని, బజ్జి, కేసరి చేసి వాళ్ళను సాగనంపేదాన్ని. ఈ లోపల మా అమ్మాయి ఫోన్లో ఒక వీడియో చూపించింది, షార్కుటరీ బోర్డంట.

పొడవాటి చెక్క పలక. దాని మీద పల్చగా కోసి మడతలు పెట్టిన మాంసం ముక్కలు, రకరకాల చీజు, ద్రాక్ష గుత్తులు, గిన్నెల్లో ఏవో ఊరగాయలు, బాదంపప్పులు. అడుగున చెక్క ఉందని తెలియనంత నిండుగా పేర్చారు. చుట్టూ జనం నిలబడి, నవ్వుతూ, ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుని తింటున్నారు.

"మాంసం తీసేస్తే మిగిలిందంతా మనం తినేదే గదమ్మా" అంది మా అమ్మాయి.

నాకు చిన్నప్పటి నుంచి ఒక జబ్బుంది. పదిమంది చేసేదే చేయమంటే నా చేతులు కదలవు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారే, ఆ సామెత నన్ను చూసే పుట్టి ఉంటుంది. ఉగ్గాని ఎవరింట్లో పెట్టరు? జమ్మలమడుగు వాళ్ళు ఇంటికి పోయి నాలుగు రోజులు చెప్పుకోవాలి అనుకున్నాను.

పలక కోసం వడ్రంగి దగ్గరకు పోయాను. టేకు చెక్క, ఇంత పొడవు, ఇంత వెడల్పు అని చేతులు చాపి చూపించాను. ఆయన అన్నిటికీ తల ఊపాడు. తీరా తెచ్చుకుందామని పోతే కింద నాలుగు కాళ్ళు కొట్టి, పక్కలకు చిలకలు చెక్కి ఉంచాడు.

"కాళ్ళెందుకప్పా దీనికి?" అన్నాను.

"పెండ్లిపీటే గదమ్మా? పాప సంబంధం కుదిరిందని మీ ఆయన చెప్పినాడు. కాళ్ళు లేకుండా యాడన్నా పీట ఉంటాదా?"

కాళ్ళు ఊడబీకితే చెక్క చీలుతుందన్నాడు. సరే, కొంచెం ఎత్తుగా ఉంటే చూడటానికి బాగుంటుందిలే అని ఇంటికి తెచ్చుకున్నాను.

ఇక్కడ మా అత్త గురించి చెప్పాలి. అత్తంటే మా ఆయనకు మేనత్త, మా మామగారి చెల్లెలు. పెళ్ళయిన కొత్తలోనే మొగుడు పోతే పుట్టింటికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. నేను కోడలుగా వచ్చేటప్పటికే ఈ ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో చీకట్లో చెప్పగల మనిషి. మా అత్తగారు పోయిన తర్వాత పెద్దదిక్కు ఆమే. కానీ శుభకార్యం వచ్చిందంటే, పసుపు కుంకుమలు, తాంబూలాలు నడిచినంతసేపూ వంటింటి పక్క గదిలోనే ఉంటుంది. ఎవరూ పొమ్మన్నది లేదు, ఎవరూ రమ్మన్నదీ లేదు. మా వైపు అది అట్లా నడిచిపోతూ వచ్చింది. చదువుకున్నదాన్ని, నేను కూడా దాన్ని ఏనాడూ తప్పు పట్టలేదు.

అయితే ఆకులు పరిచారంటే చాలు, కొంగు నడుముకు దోపుకుని గిన్నె చేతపట్టి హాల్లోకి వచ్చేది. అక్కడి నుంచి ఆ హాలు ఆమెది. తాంబూలం అప్పుడు ఆమె పేరు కూడా ఎత్తని మనుషులే, ఆకు ముందు కూర్చుంటే "అమ్మా ఇటు చూడు, పిన్నీ ఈడొకసారి" అని పిలిచేవాళ్ళు. ఆకుకు గరిటె తగలనిచ్చేది కాదు. ఎవరికి చక్కెర జబ్బు, ఎవరికి నెయ్యి ప్రాణం, ఎవరు కొత్తల్లుడని సిగ్గుపడి ఆకలితో లేచిపోతారు, అన్నీ చూసుకునేది. కొత్తగా వడ్డనకు దిగిన ఆడపిల్లలకు ఆమె చెప్పే పాఠం ఒకటే. "వద్దన్నోనికి రెండెయ్యి, చాలన్నోనికి ఒకటెయ్యి, ఏమీ అననోన్ని అడిగి పెట్టు."

నలుగురి ముందుకు ఆమె రాగలిగిన దారి ఆ వడ్డన ఒక్కటే. ఆ దారికి నేను పీట అడ్డం వేశాను. వేస్తున్నానని అప్పుడు తెలియదని చెప్పుకోవచ్చు. చెప్పుకున్నాను కూడా. కానీ పూర్తిగా తెలియకనా అంటే, అవునని అనలేను.

శనివారం సాయంత్రం పీట కడిగి, తుడిచి, టీపాయ్ మీద పెట్టి, ఉత్త గిన్నెలతో ఎక్కడ ఏది పెట్టాలో చూసుకుంటున్నాను. అత్త వచ్చి నిలబడింది.

"ఏందమ్మా ఇది? కూసునే పీట మీద తిండి పెడతాండావా?"

"ఇది కూర్చునే పీట కాదత్తా, తినే పీట."

"అట్లనా. మరి ఆకులు యాడేస్తావు? వడ్డించేది ఎట్ల?"

"వడ్డించే పని లేదత్తా. ఎవరికి ఏది కావాలంటే అది వాళ్ళే తీసుకుంటారు. నీకూ మోకాళ్ళ నొప్పులు. ఈసారి హాయిగా లోపల కూర్చుని రెస్టు తీసుకో."

ఆమె ఒక గిన్నె ఎత్తి చూసి మళ్ళీ అక్కడే పెట్టింది. "సరేలే" అని లోపలికి పోయింది. నేను గిన్నెలు సర్దుకుంటూనే ఉన్నాను.

ఆ మాట ప్రేమతోనే అన్నానని తర్వాత మా ఆయనతో వాదించాను. సగం నిజం. ఆమె మోకాళ్ళు నిజంగానే నొప్పి. రెండో సగం నాకొక్కదానికే తెలుసు. వచ్చేవాళ్ళు కలిగినవాళ్ళు, కొత్తవాళ్ళు. ఫోటోలు తీస్తారు, అవి ఫోన్లలో ఊళ్ళు తిరుగుతాయి. మొదటి రోజే, శుభమా అని తాంబూలాలు మార్చుకోవడానికి వచ్చినప్పుడు, బోసి నుదురుతో, వెలిసిన నూలుచీరతో ఆమె వాళ్ళ మధ్య గిన్నె పట్టుకుని తిరిగితే ఏమనుకుంటారో అని నాకు అనిపించింది. అనిపించిన మరుక్షణం దాన్ని పక్కకు నెట్టి మోకాళ్ళ నొప్పి మాట ముందుకు తెచ్చాను. "లోపల" అన్న మాట మాత్రం నోరు జారి వచ్చేసింది. హాయిగా కూర్చో అంటే చాలు గదా, లోపల కూర్చో అని ఎందుకన్నాను?

ఆదివారం పొద్దున నేను ద్రాక్ష కడుగుతుంటే అత్త చేతిసంచితో వచ్చింది.

"పులివెందులకు పోయొస్తానమ్మా. చెల్లెలికి ఒంట్లో బాగలేదంట."

పులివెందుల నుంచి ఫోనేమీ రాలేదు. ఆమె ఫోను రాత్రంతా హాల్లో చార్జింగులోనే ఉంది.

"ఈ రోజేనా అత్తా? ఈ రోజు మన పాప తాంబూలాలు గదా?"

"ఈడ నాకేం పనుంది లేమ్మా. అంతా నువ్వు చూసుకుంటాండావు గదా."

ఆ క్షణంలో నేను నీళ్ళ చేతులతోనే ఆమె సంచి లాక్కుని ఉండొచ్చు. పోవద్దత్తా అని ఒక్క మాట అంటే ఆగిపోయేది, నాకు తెలుసు. నేను అనలేదు. "జాగ్రత్తత్తా, దిగగానే ఫోన్ చెయ్యి" అన్నాను. మా ఆయన స్కూటర్ మీద బస్టాండులో దింపి వచ్చాడు. నిజం చెప్పాలంటే ఆమె వీధి మలుపు తిరిగిన తర్వాత నా మనసు తేలికపడింది. ఈ పొద్దుకు కూడా నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆ తేలికే.

ఇక పీట. నేను చేసిన పనిలో వంక పెట్టడానికి లేదు, అది కూడా చెప్పనీయండి. ముందు గిన్నెలు పెట్టుకోవాలి. మూడు చిన్న గిన్నెలు, ఒకదానికొకటి దూరంగా. ఒకదాంట్లో పండుమిరప పచ్చడి, ఒకదాంట్లో గడ్డపెరుగులో కలిపిన కొత్తిమీర, మూడోదాంట్లో తేనె. తర్వాత పెద్దవి. వీడియోలో మాంసం ఉన్నచోట నేను పల్చటి బియ్యప్పిండి నిప్పట్లు ఒకదాని మీద ఒకటి ఒరిగించి వంపుగా తిప్పాను. చీజు ముక్కలు, వేయించిన పనీరు, మురుకులు, కజ్జికాయలు. తర్వాత ద్రాక్ష గుత్తులు, దానిమ్మ గింజలు, ఖర్జూరాలు. చివరికి ఎక్కడ చెక్క కనబడితే అక్కడ వేయించిన శెనక్కాయలు, జీడిపప్పు పోయడం. ఖాళీ కనబడకూడదన్నది ఈ విద్యలో మొదటి సూత్రం. ఆన్‌లైన్లో తెప్పించిన ఆలివ్ కాయలు కూడా పెట్టాను. ఒకటి కొరికి చూసిన మా ఆయన ముఖం ముడిచి, ఉప్పునీళ్ళలో వేసి మరిచిపోయిన నేరేడుపండులా ఉందన్నాడు. మా అమ్మాయి కుర్చీ ఎక్కి పైనుంచి ఫోటో తీసింది. నాకు చాలా గర్వంగా అనిపించింది.

వాళ్ళు చెప్పిన వేళకే వచ్చారు. పిల్లవాని తాత, తల్లిదండ్రులు, ఒక మేనత్త, ఇంకా నలుగురైదుగురు. తాంబూలాలు మార్చుకోవడం చక్కగా జరిగింది. పీట చూసి అందరూ మెచ్చుకున్నారు. "శానా బాగ పేర్చినారమ్మా" అన్నారు. ఫోన్లు తీసి ఫోటోలు కొట్టారు. తర్వాత సోఫాల్లో వెనక్కి వాలి కూర్చున్నారు.

ఎవరూ చెయ్యి చాపలేదు.

"తీసుకోండి, తీసుకోండి" అన్నాను. "తీసుకుంటాంలేమ్మా" అన్నారు. మళ్ళీ అన్నాను. పిల్లవాని తల్లి మర్యాదకు ఒక్క ద్రాక్షపండు తుంచుకుంది. ఆమెను చూసి మిగతావాళ్ళూ తలా ఒక ద్రాక్షపండు తుంచుకున్నారు. కొత్త వియ్యంకుల ఇంట్లో ముందుగా చెయ్యి పెట్టి నిప్పటు లాక్కునేది ఎవరు? పదిమంది చేతులు పడే పళ్ళెంలో పెద్దవాళ్ళు ఎట్లా తింటారు, ఎంగిలి కాదూ? ఇవన్నీ నాకు తెలియనివి కావు. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగినదాన్ని. నా పుట్టింట్లో కూడా అడిగి పెట్టకపోతే చుట్టం మంచినీళ్ళు ముట్టడు. అంత తెలిసీ, చేతికి అందేటట్టు పెడితే చాలు తినేస్తారని ఎట్లా నమ్మానో.

పిల్లవాని మేనత్త అయితే ఇంకో దారిలో పోయింది. అది మేం వాళ్ళకు పెట్టే సారె తట్ట అనుకుంది. కాళ్ళు, చిలకలు చూస్తే ఎవరైనా అట్లనే అనుకుంటారు. నా దగ్గరకు వచ్చి మెల్లగా, "ఇట్లనే కార్లో పెడితే కదిలిపోతాయేమోమ్మా, పైన ఏమన్నా గుడ్డ కడతారా?" అని అడిగింది. ఇది ఇక్కడ తినడానికేనమ్మా అని నేను చెప్పుకోవాల్సి వచ్చింది. మా ఆయన పరిస్థితి కనిపెట్టి వీధి చివర బండి దగ్గరకు మనిషిని పంపి వేడిగా మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. వాటినైనా వడ్డించాలని పళ్ళేలు తెచ్చాను. నాకు వడ్డించడం రాదు. ఇన్నేళ్ళలో రావాల్సిన అవసరం పడలేదు. ఒకాయనకు రెండుసార్లు వేసి పక్కాయనను దాటిపోయాను.

అప్పుడు తాత అడిగాడు.

"అమ్మా, మీ ఇంట్లో ఒక పెద్దామె ఉండాల గదా? వడ్డన చేస్తాదే, ఆమె. శానా ఏండ్ల కిందట మీ ఇంటి పెండ్లికి వచ్చినా. నాకప్పుడు కడుపులో పుండు. కారం తినేవాన్ని కాదు. నేను నోరు తెరవకముందే కనిపెట్టి పెరుగన్నం తెచ్చి పెట్టింది. ఈ సంబంధం అనంగానే ఆమె ఇల్లే గదా అన్నా మావాళ్ళతో. యాడ ఆమె? పలకరిద్దామనుకుంటి."

హాల్లో అందరూ నా వైపు చూశారు. మా అమ్మాయి కూడా చూసింది.

"ఆమెకు ఒంట్లో బాగలేదు తాతా" అన్నాను. "లోపల పడుకుంది" అని వంటింటి పక్క గది వైపు చూపించాను.

ఆ మాట ఎందుకన్నానో తెలియదు. పులివెందుల పోయిందని చెబితే, ఈ రోజే ఎందుకు పోయింది అని అడుగుతారని భయం. ఆయన "అయ్యో, లేపొద్దులే" అన్నాడు. పోయేటప్పుడు వంటింటి పక్క గది ముందు ఒక్క క్షణం ఆగి, తలుపు మూసి ఉండటం చూసి, చప్పుడు చేయకుండా చెప్పులేసుకున్నాడు. ఖాళీ గదిలో ఎవరికో నిద్ర చెడుతుందని ఆ పెద్దాయన మునివేళ్ళ మీద నడుస్తుంటే నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఎవరు ఏమైనా అనుకుంటారని నేను ఆమెను దాచిపెట్టానో, వాళ్ళే ఆమెను వెతుక్కుంటూ వచ్చారు.

మరునాడు పొద్దున్నే పులివెందుల బయలుదేరాను. మా ఆయన తోడు వస్తానన్నాడు, వద్దన్నాను. ఎర్రగుంట్లలో సిమెంటు లారీల వెనక బస్సు చాలాసేపు నిలిచిపోయింది. ముద్దనూరు దాటేదాకా ఆమెతో ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. ఒళ్ళో డబ్బాలో పీట మీద మిగిలిన నిప్పట్లు, కజ్జికాయలు. మిగిలిన అనడం కూడా తప్పే, అసలు ఖర్చయిందేముంది?

తలుపు తీసింది ఆమె చెల్లెలే. గుండ్రాయిలా ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోయి, "అక్క ఉన్నట్టుండి వచ్చింది, ఏమైందంటే చెప్పదు" అంది. అప్పుడు అన్నాల వేళ. లోపల ఆకులు వేసి ఉన్నాయి. ఆ ఇంటి కోడలు వడ్డిస్తోంది. మా అత్త గోడవారగా ఆకు ముందు కూర్చుని ఉంది.

ఇన్నేళ్ళలో ఆమె నలుగురితో పాటు కూర్చుని తినడం నేను చూడలేదు. ఎప్పుడూ అందరూ తిన్నాక, వంటింట్లో, ఒంటరిగా తినేది. ఇక్కడ చుట్టం కాబట్టి ముందు బంతిలో కూర్చోబెట్టారు. ఆమె సుఖంగా లేదు. కోడలు సాంబారు గిన్నెతో వంగినప్పుడల్లా ఈమె చెయ్యి గరిటె కోసం లేచి, మళ్ళీ ఒళ్ళోకి పోతోంది. పక్కాయన ఆకులో కూర అయిపోయిందని ఈమె చూస్తోంది, కోడలు చూడలేదు. నేను చెప్పిన రెస్టు అంటే ఇదే కాబోలు.

తిన్న తర్వాత ఇద్దరమే వరండాలో కూర్చున్నాం.

"ఇంటికి పోదాం రా అత్తా" అన్నాను.

"పోదాం. నేనేమన్నా అలిగి వచ్చినానా?"

"తప్పు నాదే. నిన్ను లోపల కూర్చోమని అనకుండా ఉండాల్సింది."

"ఏం తప్పు? రెస్టు తీసుకోమన్నావు. మంచి మాటే గదా." చీర అంచు సర్దుకుంది. "ఇల్లు నీది. ఎట్ల నడపాల్నో నీ ఇష్టం."

ఆ మాటలో కోపం లేదు. ఉండి ఉంటే నాలుగు తిట్లు తిని బయటపడేదాన్ని. నేను ఆమె చెయ్యి పట్టుకుని, జమ్మలమడుగు తాత అడిగిన సంగతి అంతా చెప్పాను. పెరుగన్నం మాట వినగానే ఆమె ముఖం కొంచెం విప్పారింది. "ఓ, ఆయప్పనా. బక్కగా ఉండె అప్పుడు" అంది. తర్వాత అడిగింది. "నేను యాడున్యానని చెప్పినావు?"

"ఒంట్లో బాగలేదని చెప్పినా."

"అదే మేలు. బాగుందని తెలిస్తే ఎందుకు రాలేదంటారు."

నాకు కన్నీళ్ళు వచ్చాయి. ఆమె చూసీ చూడనట్టు డబ్బా మూత తీసి, ఒక నిప్పటు విరిచి నోట్లో వేసుకుని, ఉప్పు కొంచెం తగ్గిందని చెప్పింది. సాయంత్రం బస్సుకు ఇద్దరం వచ్చేశాం. దారిలో పెళ్ళికి ఏం చేయించాలో తనే మాట్లాడింది. చేతులు కాలాక పట్టుకున్నా ఆకులు పనికొచ్చాయిలే అనుకున్నాను. నా అంత తెలివితక్కువది ఉండదు.

కొన్ని వారాల తర్వాత జమ్మలమడుగు వాళ్ళు ముహూర్తం మాట్లాడటానికి మళ్ళీ వచ్చారు. ఈసారి భోజనాలు. పొద్దున్నుంచి అత్త పూర్ణం రుబ్బి ఓలిగలు చేసింది. హాల్లో ఆకులు పరిచాను. తాతను ముందు కూర్చోబెట్టాను. అందరూ కూర్చున్నారు. నీళ్ళు పోశాను. ఇక ఆమె రావాలి. రాలేదు.

వంటింటి వైపు చూశాను. కొంగు దోపుకుని, గిన్నె చేతపట్టుకుని, గడపకు అవతల నిలబడి ఉంది. నేను దగ్గరకు పోయాను. హాల్లోవాళ్ళకు వినబడకుండా, మెల్లగా అడిగింది.

"నేను రావచ్చునామ్మా? లేకుంటే నువ్వు తీస్కపోతావా?"

నేను ఈ ఇంటికి రాకముందు నుంచీ ఆ గడప దాటుతున్న మనిషి. ఆమె ఎవరినీ అడగడం నేను చూడలేదు. "ఇదేం మాటత్తా, రా" అన్నాను. వచ్చింది. తాత లేచి నిలబడబోతే కూర్చోమని, ఆయన ఆకులో ఓలిగ వేసి, దాని మీద నెయ్యి పోసింది. అందరూ కడుపునిండా తిన్నారు. నేను మాత్రం ఆ పూట ఏం తిన్నానో నాకు గుర్తు లేదు.

ఇప్పుడు ఇంటికి ఎవరు వచ్చినా అంతే. ఆకులు పడిన తర్వాత గడప దగ్గర ఆగుతుంది. అడగొద్దని బతిమాలాను, కోప్పడ్డాను, మా ఆయనతో చెప్పించాను. "అట్లనేలే" అంటుంది. మళ్ళీ ఆకులు పడతాయి, మళ్ళీ అక్కడే నిలబడి నా ముఖం చూస్తుంది. "రా అత్తా" అంటాను. అప్పుడు వస్తుంది.